గోస్తని పుట్టినచోటు

విశాఖపట్నంలో కాపురముంటూ ఆదివారంనాడు యింట్లో కూర్చోవడం మహాపాపమని మా అమ్మాయి సిద్ధాంతం. ఆ పాపం నేను యేళ్ళ తరబడి నిష్ఠగా చేస్తూనే వున్నాను. కాలేజీలో తెలుగు చెప్పేవాడికి ఆదివారమంటే దిద్దవలసిన పరీక్ష కాగితాలు, మధ్యాహ్నం భోజనం, ఆ మీదట ఒక కునుకు. సముద్రం యెక్కడికీ పోదు గదా అని ధీమా. ఈ వూళ్ళో పుట్టి పెరిగినవాళ్ళలో చాలామందికి యీ జబ్బే వున్నదని నా అనుమానం. ఎక్కడెక్కడినుంచో రైళ్ళెక్కి జనం వచ్చి చూచిపోయే చోట్లను మనం చూచేది, యింటికి బంధువులు వచ్చినప్పుడే.

అయితే ఈ యేడు మా అమ్మాయికి బెంగుళూరులో వుద్యోగం వచ్చింది. ప్రయాణానికి రెండే రెండు ఆదివారాలు మిగిలాయి. "ఈ రెండూ నావి. కాగితాలు తరువాత దిద్దుకోండి" అని ప్రకటించింది. మా ఆవిడ కూతురి పక్షం. మా వాడికి తొమ్మిదో తరగతి. పుస్తకం ముయ్యమన్నవాళ్ళందరిదీ వాడి పక్షమే. మా నాన్నగారు మాత్రం యే పక్షమూ కాకుండా పడకకుర్చీలో కూర్చుని పేపరు చదువుకొంటున్నారు. ఆయనకు ఎనభై మూడేళ్ళు.

మొదటి ఆదివారం భీమిలి వెళ్ళాము. సముద్రపు ఒడ్డునే రోడ్డు. కైలాసగిరి, రుషికొండ దాటితే యెడమచేతి వైపు తొట్లకొండ. నీళ్ళ కోసం బౌద్ధ భిక్షువులు రాతిలో తొలిపించుకొన్న తొట్లవల్ల ఆ కొండకు ఆ పేరు. ఇంకా ముందుకు పోతే ఎర్రమట్టి దిబ్బలు. గాలి తెచ్చిపోసిన యిసుక వేలయేళ్ళలో ఎర్రబారి, వాన కోసిన గండ్లతో చిన్న చిన్న లోయలుగా మారింది. మన సినిమాల పుణ్యమా అని వాటిని చూడని తెలుగువాడు వుండడు. చూచినవి ఆ దిబ్బలేనని తెలిసినవాళ్ళు తక్కువ. 2014లో వాటిని జాతీయ భూవారసత్వ సంపదగా గుర్తించారు. మా వాడు ఆ గండ్లలో పరుగెత్తి రెండుసార్లు తప్పిపోయాడు. రెండోసారి దొరికినప్పుడు వాళ్ళమ్మ వీపుమీద ఒకటి వేసింది. అందుచేత మూడోసారి తప్పిపోలేదు.

భీమిలిలో డచ్చివారి సమాధులు, గంటస్తంభం చూచాము. 1861లోనే మునిసిపాలిటీ అయిన వూరు. ఒకప్పుడు విశాఖపట్నం కన్న పెద్ద రేవు. తరువాత రేవు భాగ్యమంతా మన వూరికి వచ్చింది. ప్రశాంతత మాత్రం అక్కడే వుండిపోయింది. సాయంత్రం నది సముద్రంలో కలిసేచోట కూర్చున్నాము. పడవలు ఒడ్డున బోర్లించి వున్నాయి. ఎవరో వలలు బాగుచేసుకొంటున్నారు.

"తాతయ్యా, ఈ నది పేరేమిటి?" అన్నాడు మా వాడు.

అడిగింది తాతయ్యను. జవాబు అందుకొన్నది నేను. అది వృత్తిదోషం. "గోస్తని. గోవు పొదుగని అర్థం. సంస్కృతంలో గోస్తని అంటే ద్రాక్ష కూడాను. అమరకోశంలో..." అంటూ వుండగానే మా అమ్మాయి ఆవులించింది.

"ఎక్కడనుంచి వస్తున్నది?" అన్నాడు వాడు మళ్ళీ.

"బొర్రా గుహలనుంచి. నేను చూశాను" అన్నారు నాన్నగారు.

ఆయన అంతకుమించి యేమీ అనలేదు. కాని ఆ మాట అన్న తీరుకు మేమందరం ఆయనవైపు తిరిగాము. నలభై ఆరేళ్ళుగా ఆయన కొడుకునై వుండి, ఆయన బొర్రా గుహలు చూచిన సంగతి నాకు తెలియదు.

ఆ సంగతి యింటికి వచ్చాక, రాత్రి భోజనాలయ్యాక కొంచెం కొంచెంగా బయటపడింది. కొత్తవలస నుంచి కిరండూలుకు రైలుమార్గం వేస్తున్న రోజులవి. బైలదిల్లా కొండల్లోని ముడి ఇనుము కొనడానికి 1960లో జపానుతో ఒప్పందం కుదిరింది. ఆ ఇనుము విశాఖ రేవుకు దిగాలంటే తూర్పు కనుమల గుండా దారి కావాలి. దారి లేని చోట దారి. మొత్తం మార్గంలో యాభై ఎనిమిది సొరంగాలు తొలిచారంటే ఆ కొండలు యెలాటివో వూహించుకోవచ్చు. 1962లో నాన్నగారు ఇరవయ్యేళ్ళ కుర్రవాడు. అక్కడ ఒక సర్వే పార్టీలో చైన్‌మన్‌గా చేరారు. కొలత గొలుసు కొస పట్టుకొని నడవడం వుద్యోగం. గుడారాల్లో కాపురం, దోమలు, చలిజ్వరం. ఒక సెలవు రోజున నలుగురు కుర్రాళ్ళు కాగడాలు పట్టుకొని గుహలో దిగారు. లోపల రాతినుంచి నీళ్ళు కారుతున్నాయి. దోసిలి పట్టి తాగారు.

"ఎంత చల్లగా వున్నాయనుకొన్నావు!" అన్నారు. ఒక్క క్షణం ఆగి, "మీ అమ్మకు చెప్పాను, తీసుకువెడతానని. పెళ్ళయిన కొత్తలో" అన్నారు.

అమ్మ పోయి మూడేళ్ళయింది. ఆ రైలు రోజూ పొద్దున్న విశాఖపట్నంలో బయలుదేరుతుంది. మా యింటినుంచి స్టేషనుకు ఆటోలో పది నిమిషాలు. బొర్రా తొంభై కిలోమీటర్ల దూరం. అర్ధశతాబ్దంలో అటు వెళ్ళే ఆదివారం ఒక్కటీ దొరకలేదు. నాన్నగారికి తరువాత పోర్టులో గుమాస్తా వుద్యోగమయింది. ఆ రైలుమార్గం మీదుగా దిగివచ్చిన ఇనుము వాగన్ల లెక్క రాసే పని. ఎక్కే దారిని కొలిచినాయనే దిగే సరుకు లెక్కకూడా చూచారన్నమాట. 1976లో బయటి రేవు వచ్చింది, పెద్ద ఓడలు వచ్చాయి, పని పెరిగింది. వారానికొకసారి ఎర్రధూళి పట్టిన చొక్కాలు అమ్మ ఉతికేది. "వచ్చే ఆదివారం" అనేవారాయన. పిల్లల చదువులు, పురుళ్ళు, ఎవరిదో పెళ్ళి, ఎవరిదో జబ్బు. ఆదివారాలు యెలా పోతాయో అందరికీ తెలిసిందే.

మా అమ్మాయి రెండో ఆదివారం యెక్కడికో అప్పటికే నిశ్చయించేసింది. ఫోనులో టిక్కెట్లు చూస్తున్నది.

మా ఆవిడ ఒప్పుకోలేదు. ఆమె మాటలో న్యాయం వున్నది. మోకాళ్ళు సరిగా లేని మనిషి. గుహలోకి నిటారు మెట్లు. కిందటేడు స్నానాలగదిలో జారితే నెలరోజులు మంచం. "అక్కడ కొండమీద యేమన్నా అయితే డాక్టరేడీ?" అన్నది. నేను ఆమెను సమర్థించాను. మా అమ్మాయి మా యిద్దరినీ ఒకే చూపుతో చూచింది. నాన్నగారు వాదించలేదు. ఆయన యెప్పుడూ వాదించరు. మర్నాడు పొద్దున అటకమీదనుంచి యేదో దింపమని మనవణ్ణి అడిగారు. వాడు దింపింది ఒక ఇత్తడి మరచెంబు. అమ్మది. తీర్థయాత్రలకని పుట్టింటివాళ్ళు ఇచ్చింది. ఆయన దాన్ని చింతపండుతో తోముకొని, కడిగి, ఎండలో బోర్లించారు.

మా ఆవిడ దాన్ని చూచింది. యేమీ అనకుండా లోపలికి వెళ్ళి, శనివారం రాత్రికి పులిహోర చింతపండు నానబోసింది.

కిరండూలు బండికి 2017లో అద్దాల పెట్టె ఒకటి తగిలించారు. కప్పుకూడా అద్దమే, కుర్చీలు గిర్రున తిరుగుతాయి. మా వాడికి అందులో యెక్కాలని వుండెను. తాతగారు కిటికీ తీసి గాలి పీల్చే పెట్టే కావాలన్నారు. చివరికి మామూలు పెట్టెలోనే కూర్చున్నాము. కొత్తవలస దాకా అది మనకు తెలిసిన రైలే. అక్కడ మెయిను లైనును విడిచి పడమరకు మళ్ళుతుంది. శృంగవరపుకోట చుట్టూ వరిచేలు, తాటిచెట్లు, మామిడితోటలు. బొడ్డవర దాటాక ఇంజను గొంతు మారుతుంది. కొండ యెక్కడం మొదలయిందన్నమాట.

ఇక సొరంగాలు. ప్రతి సొరంగానికీ పెట్టెలోని పిల్లలందరూ, పిల్లలు కానివాళ్ళు కొందరూ, గొంతెత్తి కేకలు వేస్తారు. ఇది ఈ బండిలో ఆచారం. చీకటిలో మా ఆవిడ కూడా ఒక కేక వేసిందని నాకు గట్టి అనుమానం. వెలుగులోకి రాగానే అడిగితే కాదన్నది. ఒకవైపు కొండ గోడ, మరొకవైపు లోయ. లోయ అడుగున యెక్కడో చిన్న చిన్న ఇళ్ళు, మెట్లు మెట్లుగా దిగే పొలాలు. ఒక వంపులో మన బండి తోకే మనకు కనబడుతుంది.

నాన్నగారు కేకలు వినడం లేదు. కిటికీ ఊచ పట్టుకొని బయటికే చూస్తున్నారు. త్యాడ దగ్గర, చిమిడిపల్లి దగ్గర యేవో గుర్తుపట్టాలని ప్రయత్నం. అరవయ్యేళ్ళ తరువాత చెట్లు గుర్తుంటాయా? వున్నట్టుండి ఒక కల్వర్టు దాటగానే, "ఇక్కడ మా గుడారాలు" అన్నారు. "ఇక్కడే అని యెలా తెలిసింది?" అన్నాను. "కాదేమోలే" అన్నారు వెంటనే. మరి రెండు మలుపులయ్యాక మళ్ళీ, "ఇక్కడే" అన్నారు. ఈసారి నేను ప్రశ్న వెయ్యలేదు.

ఎదురుగా లూపులో ఒక గూడ్సు ఆగి వున్నది. వాగన్లనిండా ముడి ఇనుము. అదే రేవుకు వెళ్ళేది. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన మన ఉక్కు కర్మాగారానికి కూడా బైలదిల్లా ఇనుము వస్తుంది. మన బండి కదిలేదాకా నాన్నగారి పెదవులు కదులుతూనే వున్నాయి. వాగన్లు లెక్కపెడుతున్నారని మా అమ్మాయి నా చెవిలో చెప్పింది.

బొర్రా గుహలు స్టేషనులో దిగేసరికి పది దాటింది. సముద్రమట్టానికి ఏడువందల మీటర్ల ఎత్తు. మన వూళ్ళో ఉక్కపోతతో బయలుదేరినవాళ్ళకు అక్కడి గాలి మరో లోకంగా వుంటుంది. దారిపొడుగునా పనసతొనలు, కాల్చిన మొక్కజొన్న, మిరియాలు, కాఫీ గింజలు, వెదురు బొంగులో వండిన కోడికూర అమ్ముతున్నారు. మా వాడి ముక్కు బొంగులవైపే తిరిగింది. తిరుగుప్రయాణంలో అని వాళ్ళమ్మ మాట ఇచ్చింది.

గుహ ముఖద్వారం దగ్గర నిలబడితే మాటలు తగ్గిపోతాయి. కొండ నోరు తెరిచినట్టు వుంటుంది. లోపలికి మెట్లు దిగుతూ పోతాయి. అడుగు దాకా లెక్కవేస్తే ఎనభై మీటర్ల లోతు. ఈ కొండలో సున్నపురాయి వున్నది. వాననీరు గాలిలోనుంచి, మట్టిలోనుంచి బొగ్గుపులుసు వాయువును తీసుకొని కొంచెం పులుపెక్కుతుంది. ఆ పులుపు సున్నపురాతిని కరిగిస్తుంది. అలా కరిగి కరిగి యింత ఖాళీ యేర్పడింది. కరిగిన సున్నం మళ్ళీ చుక్క చుక్కగా కారినచోట పేరుకొని, పైనుంచి ఊడలలాగా వేలాడుతుంది. కిందపడ్డ చుక్కలు పుట్టలాగా పైకి పెరుగుతాయి. వేలయేళ్ళకు రెండూ కలిస్తే స్తంభం. ఈ గుహల్లో ఆంధ్రవిశ్వవిద్యాలయం వారికి పాతరాతియుగపు పనిముట్లు దొరికాయి. కాగడాలు పట్టుకొని దిగినవాళ్ళలో మా నాన్నగారి జట్టు మొదటిది కాదన్నమాట.

ఊరివాళ్ళు చెప్పే కథ వేరు. పైన మేస్తున్న ఆవు ఒకటి కన్నంలోనుంచి గుహలో పడింది. వెతుక్కొంటూ దిగిన పశులకాపరికి శివలింగంలాటి రాయి కనిపించింది. ఆవును కాపాడినవాడు శివుడేనని గుడి కట్టారు. ఆ ఆవు పొదుగునుంచి పుట్టిన నది కనక గోస్తని. నా అమరకోశం కన్న ఈ కథే బాగున్నదని మా వాడు అక్కడికక్కడే తీర్పు చెప్పాడు.

మెట్ల దగ్గర అసలు పరీక్ష. మా ఆవిడ నావైపు చూచింది. నేను నాన్నగారివైపు చూచాను. ఆయన మెట్లవైపు చూస్తున్నారు. అక్కడ దారి చూపే కుర్రవాడొకడు మా తటపటాయింపు గమనించి వచ్చాడు. ఆ కొండ వూరివాడే.

"తాతగోర్ని నాను అట్టుకుంతాను బాబూ. తొందరేటి? నెమ్మదిగా దిగుదుం" అన్నాడు.

ఒకవైపు వాడు, మరొకవైపు మా అమ్మాయి. ఒక్కొక్క మెట్టుమీద రెండు కాళ్ళూ ఆనించి, ఊపిరి తీసుకొని, మళ్ళీ ఒక మెట్టు. పక్కనుంచి జనం దిగిపోతున్నారు, ఎక్కిపోతున్నారు. ఇరవై మెట్లకొకసారి కూర్చున్నాము. ఒకచోట ఆయన మోకాలు మడతపడి ముందుకు తూలారు. కుర్రవాడు రెండుచేతులా పట్టేశాడు. నా గుండె జారిపోయింది. "చాలు, వెనక్కి పోదాం" అన్నాను. "వెనక్కి అంటే పైకి యెక్కాలి. కిందికి దిగడమే సులభంరా" అన్నారు నాన్నగారు, ఆయాసంలోనే నవ్వుతూ. మా ఆవిడ మొహం తిప్పుకొన్నది. కోపంతోనో, మరెందుకో నాకు తెలియదు.

కుర్రవాడికి నాన్నగారి సంగతి మా అమ్మాయి చెప్పింది. వాడు ఉత్సాహంగా, "మా తాత కూడా లైనుపన్లో రాళ్ళు మోసినాడు. ఇప్పుడు మనం నిలుసున్నకాడికి సరీగా పైనే లైను ఎల్తాది" అన్నాడు. నాన్నగారు తల పైకెత్తి ఆ రాతికప్పుకేసి చాలాసేపు చూచారు. కింద గుహ వున్నదని తెలిసీ పైన రైలును నడిపించిన ధైర్యం యెవరిదో! ఆ లెక్కలలో ఒక గొలుసు కొస ఆయన చేతిలో వుండేది.

అడుగున చదునుగా వున్నచోట ఒక బండమీద కూర్చోబెట్టాము. ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఆయనకు గుర్తున్నది ధార. గోడనుంచి దోసిలినిండా పడ్డ నీళ్ళు. ఆనాడు వానాకాలం కాబోలు. ఇప్పుడు రాయి చెమ్మగా మెరుస్తున్నది, అంతే. నది పుట్టేచోటంటే యేదో గలగలమనే పాయ కనబడుతుందని మేమూ అనుకొన్నాము. ఇక్కడ నది యింకా నది కాలేదు. చుక్కలు, చెమ్మ, చీకటిలో యెక్కడో జారే చప్పుడు.

"ఇంతేనా?" అన్నాడు మా వాడు.

కుర్రవాడు కాస్త అవతల ఒక ఊడరాయి చూపించాడు. దాని కొసనుంచి చుక్క పడుతున్నది. ఒకటి పడ్డాక రెండోదానికి మనం రెండుమార్లు ఊపిరి తీసుకోవచ్చు. నాన్నగారు సంచిలోనుంచి మరచెంబు తీసి మా అమ్మాయికి ఇచ్చారు. ఆమె దాన్ని చుక్క కింద పట్టుకొన్నది. ఇత్తడిమీద మొదటి చుక్క ఠంగుమన్నది.

మా అమ్మాయి చెయ్యి నొప్పిపుట్టింది. మా వాడు పట్టుకొన్నాడు. తరువాత నేను. చూడవచ్చినవాళ్ళు మమ్మల్ని చూచి నవ్వుకొంటూ పోతున్నారు. పైన లింగం దగ్గరకు యెక్కే మెట్లమీద గంట మోగుతున్నది. గబ్బిలాల కిచకిచలు. రంగురంగుల దీపాలు మారుతున్నాయి. అవి లేకుంటేనే ఆ రాళ్ళు బాగుంటాయని నా అభిప్రాయం. అరగంటయింది. చెంబు అడుగున కాస్త నీరు. నేను పట్టుకొన్న చెంబును మా ఆవిడ తీసుకొన్నది. "మీ చెయ్యి వణుకుతున్నది, సగం పక్కన పడుతున్నాయి" అన్నది. ఆ తరువాత యెవరికీ యివ్వలేదు. వద్దన్నమనిషి చివరిదాకా ఆమే నిలబడ్డది.

నాన్నగారు ఆ నీళ్ళలో వేలు ముంచి కళ్ళకద్దుకొన్నారు. తాగలేదు. "మనం రోజూ తాగుతున్నవే గదా" అన్నారు.

నిజమే. ఈ గోస్తనికే కింద తాటిపూడి దగ్గర ఆనకట్ట వున్నది. 1963కూ 1968కూ నడుమ కట్టారు. రైలుమార్గమూ, రిజర్వాయరూ ఇంచుమించు ఒకే ఈడువి. మన పట్నానికి మేహాద్రిగెడ్డ, రైవాడ, ఏలేరు నీళ్ళతోపాటు తాటిపూడి నీళ్ళుకూడా వస్తాయి. మా పేట కుళాయికి వచ్చేవి అవే. అమ్మ నలభయ్యేళ్ళు తెల్లవారుజామున లేచి పట్టిన నీళ్ళవి. ఎర్రధూళి చొక్కాలు ఉతికిన నీళ్ళవి. ఆ నది పుట్టిన చోటు చూపిస్తానని ఆయన చెప్పింది ఆ రోజుల్లోనే.

మెట్లెక్కడం దిగడానికి మూడింతలు పట్టింది. దాన్ని వర్ణించను. పైకి వచ్చాక కుర్రవాడు యిచ్చినంత తీసుకొని, నాన్నగారి కాళ్ళు కాసేపు పిసికి, మరో గుంపు వెంట వెళ్ళిపోయాడు. చెట్టు కింద పులిహోర, పెరుగన్నం తిన్నాము. మా వాడికి బొంగుకోడి దక్కింది. ఇంకా పైకి వెళ్తే శిమిలిగుడ. 996 మీటర్ల ఎత్తున వున్న ఆ స్టేషను మన దేశంలోని బ్రాడ్‌గేజి స్టేషన్లలో అన్నిటికన్న ఎత్తయినదని చాలాకాలం పేరు పొందింది. నాన్నగారికి అదీ చూడాలని వున్నది. "వచ్చే ఆదివారం" అనబోయి ఆగిపోయారు.

తిరుగుప్రయాణానికి మా అమ్మాయి కారు కుదిర్చింది. అనంతగిరి కాఫీతోటల మీదుగా ఘాటురోడ్డు దిగి, శృంగవరపుకోట దాటి, చుట్టు అయినా తాటిపూడి మీదుగా వచ్చాము. కొండల నడుమ నీళ్ళు కదలకుండా వున్నాయి. పొద్దు వాలుతున్నది. పొద్దున చుక్కలుగా చూచినది యింత నీరయిందా అని ఆశ్చర్యం. నాన్నగారు కారు దిగలేదు. ఒళ్ళో చెంబు పెట్టుకొని అద్దంలోనుంచే చూచారు. మూత మర అరిగిపోవడంచేత చెంబు వంచితే కారుతుంది. అందుకని కుదుపు వచ్చినప్పుడల్లా రెండు చేతులా పట్టుకొన్నారు.

మర్నాడు నేను లేచేసరికి కుళాయి వచ్చే వేళ దాటిపోయింది. బిందెలన్నీ నిండి వున్నాయి. పెరట్లో అమ్మ పెట్టిన తులసిమొక్క మొదట మట్టి తడిగా వున్నది. నాన్నగారు మరచెంబు తుడిచి మా అమ్మాయి పెట్టెమీద పెడుతున్నారు.

"మూత బిగించడంలేదే దీనికి" అన్నారు నన్ను చూచి. "పూర్ణామార్కెట్టు దగ్గర మరలు తీసేవాడొకడు వుండేవాడు. వున్నాడో లేదో కనుక్కోరా. దాని ప్రయాణం బుధవారం కదా."